ఏటీఎస్ చదవగలిగే రెజ్యూమె: విజయవాడ, గుంటూరు ఉద్యోగార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై కంపెనీలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తున్న కొత్త పట్టభద్రుల కోసం, ఇక్కడి ఆఫీసుల్లో కొన్నేళ్లు పనిచేసి పెద్ద సంస్థలకు మారాలనుకుంటున్నవారి కోసం ఈ జవాబులు రాశాం. రెజ్యూమె ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కనుక, కింద ఉదాహరణగా చెప్పిన శీర్షికలనూ పదాలనూ మీ ఫైలులో ఇంగ్లిష్‌లోనే రాసుకోవాలి.

ఏటీఎస్ అంటే ఏమిటి? అది నా రెజ్యూమెను ఏం చేస్తుంది?

ఏటీఎస్ అంటే అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్. ఉద్యోగ ప్రకటన వేసినప్పటి నుంచి ఆఫర్ లెటర్ ఇచ్చేదాకా వచ్చిన దరఖాస్తులన్నిటినీ ఒకచోట ఉంచి నడిపించే సాఫ్ట్‌వేర్ ఇది. వర్క్‌డే, ఒరాకిల్ 2012లో కొనుగోలు చేసిన టాలియో, ఎస్ఏపీ సక్సెస్‌ఫ్యాక్టర్స్, గ్రీన్‌హౌస్ వంటివి విదేశాల నుంచి వచ్చినవి. జోహో రిక్రూట్, హైదరాబాద్‌లో పుట్టిన డార్విన్‌బాక్స్ మన దేశానివి.

మీరు ఫైలు ఎక్కించగానే ఈ సాఫ్ట్‌వేర్ ముందుగా అందులోని అక్షరాలను మాత్రమే బయటికి లాగుతుంది. రంగులు, గీతలు, బొమ్మలు, అలంకారాలు అక్కడితో పోతాయి. తరవాత ఆ అక్షరాల్లో పేరు ఏది, ఫోన్ నంబరు ఏది, చదువు ఏది, ఏ సంస్థలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ హోదాలో పనిచేశారు అన్నవి విడదీసి, తాలూకా ఆఫీసు గుమాస్తా అర్జీ చూసి రిజిస్టరులో గడులు నింపినట్టు, తన గడుల్లో నింపుకుంటుంది. రిక్రూటర్ ఆ గడుల్లో వెతుకుతారు. మీకు నాలుగేళ్ల అనుభవం ఉన్నా, గడిలో అది పడకపోతే వెతికినవారి కంటికి మీరు ఫ్రెషరే. అందుచేత ఈ పేజీలో చెప్పేదంతా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది: మీరు రాసినది రాసినట్టు, రాసిన వరసలో, సరైన గడిలోకి వెళ్లాలి.

నూటికి 75 రెజ్యూమెలను కంప్యూటరే తిరస్కరిస్తుందని విన్నాను. నిజమేనా?

ఆ అంకె యూట్యూబ్ వీడియోల్లోనూ, రెజ్యూమె సేవలు అమ్మేవారి ప్రకటనల్లోనూ తిరుగుతూ ఉంటుంది. దాని వెనుక చూపదగిన పరిశోధన ఏదీ లేదు. రెజ్యూమె రూపం బాగాలేదని కంప్యూటర్ తనంతట తాను తిరస్కరించడం చాలా అరుదు. తక్షణ తిరస్కరణ సాధారణంగా దరఖాస్తు ఫారంలో అడిగే ప్రశ్నల వల్ల వస్తుంది. పాసైన సంవత్సరం ఏది, అన్ని స్థాయిల్లోనూ 60 శాతం ఉందా, బ్యాక్‌లాగ్‌లు మిగిలి ఉన్నాయా, నోటీసు కాలం ఎంత, రాత్రి షిఫ్టు చేయగలరా వంటి ప్రశ్నలకు మీరిచ్చిన జవాబు వారి షరతుకు సరిపోకపోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. మిగిలినవన్నీ ఒక వరసలో నిలబడతాయి. పైన ఉన్నవాటిని మనిషి చూస్తాడు, కింద ఉన్నవాటిని చూసే తీరిక ఎవరికీ ఉండదు. ఫలితం ఒకటే అనిపించినా తేడా ఉంది: ఫారంలోని ప్రశ్నలను కంగారుగా నొక్కేసి, రెజ్యూమె అందం మీద మాత్రం రెండు రాత్రులు కూర్చునేవారు శ్రమను తప్పు చోట పెడుతున్నట్టే.

డీటీపీ సెంటరులో చక్కగా చేయించుకున్న రెజ్యూమెను పోర్టల్ ఎందుకు చదవలేకపోతోంది?

గవర్నర్‌పేటలోనో, అరండల్‌పేటలోనో డీటీపీ సెంటరుకు వెళ్లి చేయించుకున్న రెజ్యూమెలు కాగితం మీద నిజంగానే ముచ్చటగా ఉంటాయి. వాటిని చేసేవారిలో చాలామంది పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేయడంలో చేయి తిరిగినవారు. చిక్కు వారి పనితనంలో లేదు, వాడే పద్ధతిలో ఉంది. కోరల్‌డ్రాలో చేసిన పనిని ప్రింటింగుకు పంపేముందు, అవతలి కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోయినా అక్షరాలు చెదరకుండా ఉండాలని, అన్నిటినీ ‘కర్వ్స్’లోకి మార్చడం వారికి అలవాటు. అలా మార్చాక ‘ఎ’ అన్నది అక్షరం కాదు, ‘ఎ’ ఆకారంలో ఉన్న ఒక గీత. మనిషి కన్ను దాన్ని చదువుతుంది. అక్షరాలు లాగే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ ఏమీ దొరకదు. పేజీని జేపీజీ బొమ్మగా సేవ్ చేసి ఇచ్చినా, ప్రింటు తీసి స్కాన్ చేసి పీడీఎఫ్ అని ఇచ్చినా ఇదే జరుగుతుంది. కొన్ని వ్యవస్థలు బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ప్రయత్నం చేస్తాయి గానీ, ఫోన్ నంబరులో ఒక్క అంకె తప్పుగా గుర్తుపడితే మీకు రావలసిన ఫోను ఇంకెవరికో వెళుతుంది.

కాబట్టి డీటీపీ సెంటరుకే వెళ్లాలనుకుంటే, పని ఎం‌ఎస్ వర్డ్‌లో చేయమని ముందే చెప్పండి. ప్రింటుతోపాటు మార్చుకోవడానికి వీలైన వర్డ్ ఫైలును కూడా మీ మెయిల్‌కు పంపమని అడగండి. ఆ ఫైలు మీ దగ్గర లేకపోతే ప్రతి చిన్న మార్పుకూ మళ్లీ షాపు మెట్లు ఎక్కవలసి వస్తుంది. మొహమాటానికి పాత రెజ్యూమెనే పంపుతూ ఉండడం చాలామంది చేసే పని.

నా ఫైలు సరిగ్గా ఉందో లేదో నేనే పరీక్షించుకోవచ్చా?

తప్పకుండా. ఇందుకు డబ్బు కట్టనవసరం లేదు. ఫైలు తెరిచి, కంట్రోల్-ఎ నొక్కి అంతా ఎంచుకుని, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెరమీద కనిపించేదే సుమారుగా ఏటీఎస్‌కు దక్కేది.

ఏమీ పేస్ట్ కాకపోతే అది బొమ్మ. పేస్ట్ అయినా చూడవలసినవి ఇంకా ఉన్నాయి. మొదటి పంక్తిలో మీ పేరు వచ్చిందా, లేక ఎక్కడో అడుగున పడిందా? పేరులోని అక్షరాల మధ్య ఖాళీలు వచ్చాయా? కొన్ని డిజైన్లలో పేరును విడివిడి అక్షరాలుగా పరుస్తారు, అప్పుడు సాఫ్ట్‌వేర్‌కు ఆరక్షరాల పేరు ఆరు ముక్కలుగా అందుతుంది. ఫోన్ గుర్తు, ఉత్తరం గుర్తు ఉన్నచోట డబ్బాలు, ప్రశ్నార్థకాలు వచ్చాయా? ఒక ఉద్యోగం తేదీలు ఇంకో ఉద్యోగం పక్కకు జరిగాయా? ఇంగ్లిష్‌లో ఎఫ్, ఐ పక్కపక్కన వచ్చే ‘ఆఫీస్’, ‘సర్టిఫికేట్’, ‘ఫైనాన్స్’ వంటి మాటలను ప్రత్యేకంగా వెతికి చూడండి. కొన్ని ఫాంట్లు ఆ రెండక్షరాలను ఒకే అచ్చుగా కలిపేయడం వల్ల పీడీఎఫ్ నుంచి తీసినప్పుడు అవి మాయమవుతాయి. ‘ఫైనాన్స్’ ఉద్యోగానికి వెళ్లే మనిషి రెజ్యూమెలో ఫైనాన్స్ అన్న మాటే లేకుండా పోవడం ఇలాగే.

పీడీఎఫ్ మంచిదా, వర్డ్ ఫైలు మంచిదా?

ప్రకటనలో ఏది అడిగితే అది. ఏమీ చెప్పకపోతే వర్డ్‌లో రాసి, అక్కడి నుంచే ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ చేసిన ఫైలును నేటి వ్యవస్థల్లో ఎక్కువ భాగం ఇబ్బంది లేకుండా చదువుతాయి. అయితే పీడీఎఫ్ అన్నది 1993లో అడోబ్ సంస్థ తెచ్చినప్పటి నుంచీ ప్రింటు రూపాన్ని కాపాడడానికే పుట్టినది. ఏ అక్షరం పేజీలో ఎక్కడ కూర్చోవాలన్నది దానికి ముఖ్యం, ఏ మాట తరవాత ఏ మాట చదవాలన్నది కాదు. వర్డ్ ఫైలులో ఆ వరస స్పష్టంగా ఉంటుంది. పోర్టల్ పాతదని అనిపించినా, ఎక్కించాక గడులు చిందరవందరగా నిండినా, వర్డ్ ఫైలుతో మళ్లీ ప్రయత్నించండి. ఒక హెచ్చరిక: వర్డ్‌లో హెడర్, ఫుటర్ అన్నవి అసలు పాఠంతో కాకుండా విడిగా నిలవ ఉంటాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని అసలు తెరవవు. పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ హెడర్‌లో పెడితే అందంగా ఉంటుంది గానీ, రిక్రూటర్‌కు పేరూ ఊరూ లేని దరఖాస్తు అందుతుంది.

రెండు కాలమ్‌ల టెంప్లేట్లు, కాన్వా డిజైన్లు వాడకూడదా?

వాడకపోతేనే నయం. రెండు కాలమ్‌లు ఉన్నప్పుడు కొన్ని వ్యవస్థలు ఎడమ పక్కదంతా చదివి తరవాత కుడి పక్కకు వెళతాయి. కొన్ని అడ్డంగా ఒక పంక్తి ఆ చివర నుంచి ఈ చివరకు చదువుకుంటూ పోతాయి. అప్పుడు ఎడమ పక్కనున్న ‘భాషలు: తెలుగు, హిందీ’, కుడి పక్కనున్న ‘జూనియర్ అకౌంటెంట్, 2021’ కలిసిపోయి ఒకే వాక్యమవుతాయి. టెక్స్ట్ బాక్సులతోనూ ఇదే ప్రమాదం. టేబుల్ విషయంలో మాత్రం అంత భయపడనవసరం లేదు. చదువు వివరాలకు మన వాళ్లు తప్పనిసరిగా వేసే నాలుగు గడుల పట్టికను చాలా వ్యవస్థలు చదవగలుగుతాయి. అయినా ఒక్కో చదువును ఒక్కో పంక్తిగా రాస్తే అనుమానమే ఉండదు.

నైపుణ్యాలను నక్షత్రాలతోనో, నిండిన గీతలతోనో చూపే పద్ధతిని పూర్తిగా మానుకోండి. జావాకు అయిదులో నాలుగు నక్షత్రాలు అంటే సాఫ్ట్‌వేర్‌కే కాదు, ఇంటర్వ్యూ చేసేవారికీ ఏమీ అర్థం కాదు.

శీర్షికలకు ఏ పేర్లు పెట్టాలి?

అందరూ వాడే పేర్లే: సమ్మరీ, వర్క్ ఎక్స్‌పీరియన్స్, ఎడ్యుకేషన్, స్కిల్స్, సర్టిఫికేషన్స్, ప్రాజెక్ట్స్. ‘నా ప్రయాణం’ అనో, ‘నేను సాధించినవి’ అనో అర్థం వచ్చే కొత్త శీర్షికలు పెడితే కింద ఉన్నది ఉద్యోగమో, చదువో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. సృజన చూపడానికి శీర్షిక కన్నా మంచి చోట్లు ఉన్నాయి.

ఇంటిపేరు ముందు రాయాలా, చివర రాయాలా?

మన ప్రాంతం వారికి ఇది అసలైన చిక్కు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, మీకు పెట్టిన పేరు (గివెన్ నేమ్) తరవాత ఉంటుంది. కాలేజీ రికార్డుల్లో కొన్నిచోట్ల ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై మిగులుతుంది. ఏటీఎస్‌లు పాశ్చాత్య పద్ధతిలో తయారైనవి. మొదటి మాటను పెట్టిన పేరుగా, చివరి మాటను ఇంటిపేరుగా తీసుకోవడం వాటి అలవాటు. మీరు ఇంటిపేరుతో మొదలుపెట్టి ‘వెంకట సాయి’ అని ముగిస్తే, ‘సాయి’ మీ ఇంటిపేరవుతుంది. హెచ్ఆర్ నుంచి వచ్చే మెయిల్ ‘డియర్’ అన్న మాట తరవాత మీ ఇంటిపేరుతో మిమ్మల్ని పలకరిస్తుంది. ఇది నవ్వుకుని వదిలేయదగ్గదే. అయితే ఒకే మనిషి ఒక పోర్టల్‌లో ఒక పేరుతోనూ, ఇంకో చోట తిరగేసిన పేరుతోనూ నమోదైతే, తరవాత జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ప్రశ్నలు వస్తాయి.

మా సలహా ఇది. రెజ్యూమె పైన మీకు పెట్టిన పేరు ముందు, ఇంటిపేరు పూర్తిగా చివర రాయండి. పొడి అక్షరాలు, చుక్కలు వద్దు. ఫారంలో పేరు గడులు విడిగా ఉంటే పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ ఎలా ఉన్నాయో అలాగే నింపండి. పాస్‌పోర్టు లేకపోతే సర్టిఫికెట్లోని మాటల్నే, అక్షరదోషం లేకుండా, వాటి వాటి గడుల్లో పెట్టండి. ‘సర్టిఫికెట్లో ఉన్నట్టు పేరు’ అని ప్రత్యేకంగా అడిగినచోట మాత్రం వరస కూడా సర్టిఫికెట్లో ఉన్నదే ఉండాలి. లింక్డిన్, నౌకరీ ప్రొఫైళ్లలోనూ అదే పేరు ఉంచండి.

పూర్తి చిరునామా ఇవ్వాలా?

డోర్ నంబరు, వీధి అవసరం లేదు. నగరం, రాష్ట్రం, కావాలంటే పిన్‌కోడ్ చాలు. బ్రాడీపేట ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అన్నది పోస్ట్‌మన్‌కు కావలసిన సంగతి, రిక్రూటర్‌కు కాదు. నగరం పేరు మాత్రం తప్పనిసరి, ఎందుకంటే రిక్రూటర్లు ఊరి పేరుతో వెతుకుతారు. కానూరు, పోరంకి, తాడేపల్లి, పెదకాకాని అని ఊరుకుంటే హైదరాబాద్‌లో కూర్చున్నవారి వెతుకులాటలో మీరు రారు. పక్కన విజయవాడ అనో, గుంటూరు అనో చేర్చండి. బెజవాడ అని రాయవద్దు, మనకెంత ప్రియమైనా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది గానీ, కొన్ని పోర్టళ్ల జాబితాల్లో ఇంకా కృష్ణా జిల్లానే కనిపిస్తుంది. అలాంటప్పుడు నగరం సరిగ్గా ఎంచుకుని, జిల్లా దగ్గర ఉన్నదానితో సరిపెట్టుకోవచ్చు. హైదరాబాద్‌కు మారడానికి సిద్ధమైతే ఆ మాట ఊరి పేరు పక్కనే రాయండి.

తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఫోటో, చివర డిక్లరేషన్ ఉండాలా?

అవసరం లేదు. బయోడేటా కాలం నుంచి వచ్చిన అలవాటు కొద్దీ తండ్రి పేరు, మతం, వైవాహిక స్థితి రాసి, అడుగున ‘పై వివరాలు నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అంటూ స్థలం, తేదీ, సంతకం పెడుతున్నారు. ప్రైవేటు ఉద్యోగానికి ఇవేవీ అక్కరకు రావు. ఆ చివరి తేదీని ఉద్యోగ తేదీగా పొరబడే సాఫ్ట్‌వేర్లూ లేకపోలేదు. ఆధార్, పాన్ నంబర్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ రెజ్యూమెలో పెట్టకండి. ఆ ఫైలు ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలియదు.

కీవర్డ్‌లు అంటే ఏమిటి? వాటిని ఎక్కడ, ఎలా రాయాలి?

రిక్రూటర్ వెతుకులాట గడిలో టైప్ చేసే మాటలే కీవర్డ్‌లు. అవి ఎక్కడో దాగి ఉండవు, ఉద్యోగ ప్రకటనలోనే ఉంటాయి. ఉదాహరణకు వన్‌టౌన్‌లోని ఒక హోల్‌సేల్ బట్టల దుకాణంలో నాలుగేళ్లుగా లెక్కలు చూస్తున్న ఒక అకౌంటెంటును ఊహించండి. ఆయన రెజ్యూమెలో ‘అకౌంట్స్ వర్క్ అంతా చూసుకున్నాను, జీఎస్‌టీ కూడా చేశాను’ అన్న అర్థం వచ్చే రెండు పంక్తులు ఉన్నాయి. ఆయన దరఖాస్తు చేస్తున్న ప్రకటనలో జీఎస్‌టీ రిటర్నులు, టీడీఎస్, బ్యాంక్ రీకన్సిలియేషన్, టాలీప్రైమ్, ఎక్సెల్ అని ఉంది. ఈ పనులన్నీ ఆయన రోజూ చేసేవే. చేస్తున్నట్టు రెజ్యూమెలో లేదు, అంతే.

అదే అనుభవాన్ని ఇలా రాయవచ్చు: ‘టాలీప్రైమ్‌లో రోజువారీ అమ్మకాలు, కొనుగోళ్ల వోచర్లు నమోదు చేయడం, ప్రతి నెలా జీఎస్‌టీఆర్-1, జీఎస్‌టీఆర్-3బీ రిటర్నులు సిద్ధం చేసి గడువులోగా దాఖలు చేయడం, కొనుగోలు బిల్లులను జీఎస్‌టీఆర్-2బీతో సరిపోల్చి, తేడా వచ్చిన సరఫరాదారులతో మాట్లాడి సరిచేయించడం, 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లులు తీయడం, బ్యాంకు ఖాతాలకు నెలవారీ రీకన్సిలియేషన్.’ ఇందులో ఒక్క అబద్ధం లేదు. పైగా 2బీతో సరిపోల్చడమన్నది ఆ పని చేసినవారికే తెలిసే సంగతి కనుక, రెజ్యూమె మనిషి చేతికి వచ్చాక అకౌంట్స్ మేనేజరు కన్ను అక్కడే ఆగుతుంది.

పూర్తి పేరు, పొడి అక్షరాలు రెండూ కనీసం ఒక్కోసారి రావాలి. ఒకరు ‘టీడీఎస్’ అని వెతుకుతారు, ఇంకొకరు ‘టాక్స్ డిడక్టెడ్ ఎట్ సోర్స్’ అని వెతుకుతారు. వెర్షన్ల సంగతీ చూసుకోండి. టాలీప్రైమ్ 2020లో వచ్చింది. అంతకుముందు మీరు వాడినది టాలీ ఈఆర్‌పీ 9 అయితే రెండు పేర్లూ రాయండి. స్కిల్స్ జాబితాలో మాట ఒకసారి, దానితో ఏం చేశారో అనుభవం కింద ఒకసారి వస్తే చాలు. పది చోట్ల చొప్పించిన కీవర్డ్ చదివేవారికి వెగటు.

మా సంస్థలో నా హోదాకు సరైన పేరే లేదు. ఏం రాయాలి?

చిన్న సంస్థల్లో ఒకే మనిషి నాలుగు పనులు చేస్తాడు, పిలుపు మాత్రం ‘గుమాస్తా’ అనో, ‘మన ఆఫీసు కుర్రాడు’ అనో ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి దగ్గర పనిచేసినవారిని చూడండి. రైతు తెచ్చిన టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, తూకం, పట్టీ రాయడం, కొన్నవారి దగ్గర బకాయి వసూలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టిన సరుకు వివరాలు అన్నీ ఆయనే చూస్తాడు. కార్పొరేట్ భాషలో ఇవి ఇన్వెంటరీ, బిల్లింగ్, అకౌంట్స్ రిసీవబుల్, వేర్‌హౌస్ కోఆర్డినేషన్. టిక్కీ అన్న మాట బెంగళూరు రిక్రూటర్ వెతకడు, ఇన్వెంటరీ అని వెతుకుతాడు.

హోదా దగ్గర, మీరు నిజంగా చేసిన పనికి దగ్గరగా ఉండి, అందరూ వాడే పేరు పెట్టవచ్చు. ‘అకౌంట్స్ అసిస్టెంట్’ సమంజసం, ‘ఫైనాన్స్ మేనేజర్’ కాదు. వెరిఫికేషన్‌కు ఫోను వస్తే మీ యజమాని ఏం చెబుతారో అదే కొలమానం. మీరు పెట్టుకున్న హోదాను ఆయనకు ముందే చెప్పి, ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లోనూ అదే రాయించుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

తెల్ల రంగు అక్షరాలతో కీవర్డ్‌లను దాచిపెడితే లాభమా?

లేదు. సాఫ్ట్‌వేర్ రంగును వదిలేసి అక్షరాలను తీసుకుంటుందని పైనే చెప్పుకున్నాం. మీరు దాచినదంతా రిక్రూటర్ తెరమీద నల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది. ‘ఈ అభ్యర్థిని ఎంపిక చేయి’ అని కృత్రిమ మేధకు రహస్య ఆదేశం రాసే కొత్త చిట్కాకూ ఇదే గతి పడుతుంది.

చదువు, మార్కుల వివరాలు ఎలా రాయాలి?

డిగ్రీ పూర్తి పేరు, బ్రాంచి, కాలేజీ పూర్తి పేరు, ఊరు, విశ్వవిద్యాలయం, పాసైన సంవత్సరం, మార్కులు. కాలేజీని విద్యార్థులు పిలుచుకునే పొడి అక్షరాల్లో మాత్రమే రాయకండి. విశ్వవిద్యాలయం పేరు మీ పట్టా మీద ఉన్నదే ఉండాలి. కాకినాడ జేఎన్‌టీయూ 2008లో విడి విశ్వవిద్యాలయమైంది. అంతకుముందు పట్టా తీసుకున్నవారు ఇప్పుడు అలవాటు కొద్దీ కాకినాడ అని రాస్తే సర్టిఫికెట్‌తో సరిపోదు. సీజీపీఏ రాసినప్పుడు ఎంతకు ఎంత అన్నది చూపండి: 8.1కి పక్కన 10 ఉండాలి. ఫారంలో శాతం అడిగితే మీ విశ్వవిద్యాలయం ఇచ్చిన సూత్రంతోనే మార్చండి. పదితో గుణించి వేసేయడం అన్నిచోట్లా చెల్లదు, 60 శాతం గీత దగ్గర ఉన్నవారికి ఇది ప్రాణసంకటమవుతుంది.

‘ఇంటర్మీడియట్’ అన్న మాట పక్కన 12వ తరగతి అని కూడా రాయండి. మన రాష్ట్రాల బయట ఆ మాట చూసి, ఏదో నైపుణ్యంలో మధ్యస్థాయి అనుకునేవారు ఉంటారు. సాఫ్ట్‌వేర్‌కూ ఆ పొరపాటుకు ఆస్కారం ఉంది.

తేదీలు ఎలా రాయాలి? మధ్యలో ఖాళీ ఉంటే దాచవచ్చా?

నెల మూడక్షరాల్లో, సంవత్సరం నాలుగంకెల్లో రాసి, మొదటి నుంచి చివరి దాకా అదే పద్ధతి పాటించండి. 05/06/2023 అంటే మనకు జూన్ 5, అమెరికా పద్ధతిలో మే 6. సాఫ్ట్‌వేర్ మీ అనుభవాన్ని ఈ తేదీల నుంచే లెక్క కడుతుంది. ఇప్పటికీ చేస్తున్న ఉద్యోగానికి ‘ప్రెజెంట్’ అని రాయండి. ఉద్యోగాలను కొత్తది ముందు, పాతది తరవాత వచ్చేలా పేర్చండి.

ఖాళీ విషయంలో ఒక నిజం ఒప్పుకోవాలి. అమెరికా, బ్రిటన్, జర్మనీ సంస్థలను పరిశీలించి హార్వర్డ్ బిజినెస్ స్కూల్, యాక్సెంచర్ 2021లో వెలువరించిన నివేదిక ప్రకారం, ఆరు నెలలకు మించి ఖాళీ ఉన్నవారిని వడపోసే సంస్థలు దాదాపు సగం ఉన్నాయి. కాబట్టి ఖాళీని ఖాళీగా వదలకపోవడమే మేలు. గ్రూప్-2 పరీక్షకు చదివినా, నంద్యాలలో బ్యాంకు కోచింగ్ తీసుకున్నా, పసిపిల్లల కోసమో, ఇంట్లో పెద్దవారి అనారోగ్యం కోసమో ఆగినా, ఆ కాలానికి తేదీలతో ఒక పంక్తి రాయండి. ఆ మధ్యలో ఏదైనా కోర్సు చేసి ఉంటే దాని కిందే చేర్చండి. తేదీలను సాగదీసి ఖాళీని కప్పడం మాత్రం వద్దు. ప్రావిడెంట్ ఫండ్ ఉన్న ఉద్యోగాల్లో చేరిన నెల, మానిన నెల ఈపీఎఫ్‌ఓ రికార్డులోనే ఉంటాయి.

ఏటీఎస్ స్కోరు చూపే వెబ్‌సైట్లను నమ్మవచ్చా?

కంపెనీ వాడే సాఫ్ట్‌వేర్ ఒకటి, ఆ వెబ్‌సైటు వాడే లెక్క ఇంకొకటి. ఒకే ఫైలుకు రెండు సైట్లు రెండు స్కోర్లు ఇవ్వడం సర్వసాధారణం, ఏ కంపెనీకీ ఆ అంకెతో పని లేదు. ఉచితంగా వచ్చేదాన్ని అక్షరదోషాల కోసం, ప్రకటనలో ఉండి మీ దగ్గర లేని మాటల కోసం వాడుకోండి. తక్కువ స్కోరు చూపి భయపెట్టి, డబ్బు కడితే సరిచేస్తామనే చోట మాత్రం ఆగండి.

తెలుగులో రెజ్యూమె ఇవ్వవచ్చా? నేను అనువాదం, కంటెంట్ ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తున్నాను.

రెజ్యూమె ఇంగ్లిష్‌లో ఉంచి, మీ తెలుగు రచనల నమూనాలను విడి ఫైలుగానో, లింకుగానో ఇవ్వండి. ఏటీఎస్‌లు ప్రధానంగా ఇంగ్లిష్ కోసం తయారైనవి. తెలుగు పీడీఎఫ్‌లలో అక్షరాలు యూనికోడ్‌లోనే ఉన్నా, కాపీ చేస్తే వత్తులు, గుణింతాలు చెల్లాచెదురు కావడం మామూలే. ఇక మన ప్రింటింగు రంగంలో ఏళ్ల తరబడి వాడుతున్న అను ఫాంట్లతో చేసిన పాఠమైతే మరీ కష్టం. అవి ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ఆకారాలను కూర్చోబెట్టినవి కనుక, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల గుంపు కనిపిస్తుంది. పాత వ్యాసాలను నమూనాగా పంపేముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి మొత్తం చదివి పంపండి.

నౌకరీ ప్రొఫైల్ ఉంటే రెజ్యూమె మీద ఇంత శ్రద్ధ అవసరమా?

రెండూ కావాలి. నౌకరీలో రిక్రూటర్ ముందుగా వెతికేది మీరు విడిగా నింపిన గడుల్లో: హెడ్‌లైన్, కీ స్కిల్స్, ప్రస్తుత ఊరు, కోరుకునే ఊరు, నోటీసు కాలం. ఇటీవల ఏ అభ్యర్థులు లాగిన్ అయ్యారన్న దాన్ని బట్టి కూడా వడపోస్తారు. అందుకే ఉద్యోగం వెతికే రోజుల్లో వారానికోసారైనా లాగిన్ కావడం మంచిది. జాబితాలో మీ పేరు నొక్కాకే రెజ్యూమె తెరుచుకుంటుంది. ప్రొఫైల్‌లో ఒక తేదీ, రెజ్యూమెలో ఇంకో తేదీ ఉంటే ఆ క్షణంలోనే పట్టుబడుతుంది.

ఒకే కంపెనీకి పలుసార్లు, పలు దారుల్లో పంపవచ్చా?

వేర్వేరు ఉద్యోగాలకు వేర్వేరుగా మార్చిన రెజ్యూమెలు పంపడంలో తప్పు లేదు, ఈమెయిల్, ఫోన్ నంబరు మాత్రం ఒకటే ఉంచండి. వ్యవస్థ మిమ్మల్ని గుర్తుపట్టేది వాటితోనే. ఒకే ఉద్యోగానికి మీరు నేరుగా, ఒక కన్సల్టెన్సీ మీ తరఫున ఇంకోసారి పంపితే, మిమ్మల్ని ఎవరు తెచ్చారన్న తగాదాలో దరఖాస్తే పక్కన పడవచ్చు. అందుచేత కన్సల్టెన్సీ వారు ఫోన్ చేసినప్పుడు ఏ కంపెనీకి, ఏ ఉద్యోగానికి పంపుతున్నారో అడిగి రాసి పెట్టుకోండి. లోపల పనిచేసే సీనియరో, బంధువో ఉంటే వారి రిఫరల్ ద్వారా వెళ్లడం అన్నిటికన్నా మెరుగు. అప్పుడు కూడా ఫైలు ఇదే వ్యవస్థలోకి చేరుతుంది.

ఇక్కడి చిన్న సంస్థలకూ ఇదే రెజ్యూమె ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. ఆటోనగర్‌లోని వర్క్‌షాపుకో, బెంజి సర్కిల్ దగ్గరి షోరూముకో ఏటీఎస్ ఉండదు, మేనేజరు ‘వాట్సాప్‌లో పెట్టండి’ అంటారు. నలుపు తెలుపుల్లో, ఒకే కాలమ్‌లో, పెద్ద అక్షరాల్లో ఉన్న రెజ్యూమె ఫోన్ తెరమీద కూడా సులువుగా చదవవచ్చు. పంపేటప్పుడు ఫోటో తీసి కాకుండా, డాక్యుమెంటుగా జత చేసి పంపండి. ఫైలు పేరు ‘న్యూ రెజ్యూమె ఫైనల్ 2’ అని కాకుండా మీ పేరు, హోదా కలిపి ఉంటే, పదిహేను రోజుల తరవాత ఆ మేనేజరు ఫోన్‌లో వెతికినప్పుడు దొరుకుతుంది.